వెండి నలుపు వదిలించడం: వెండి అరగకుండా ఇంట్లోనే శుభ్రం చేసుకునే పద్ధతి

శ్రావణమాసం దగ్గర పడుతుందనగానే బీరువా అడుగున ఉన్న వెండి సామాను బయటికి వస్తుంది. కలశం చెంబు, కుందులు, హారతి పళ్ళెం, కుంకుమ భరిణె, గంధం గిన్నె, పన్నీరు బుడ్డి. పోయిన ఏడాది మెరుస్తూ లోపలికి వెళ్ళినవన్నీ ఇప్పుడు పసుపు తిరిగి, అక్కడక్కడ గోధుమరంగుకి మారి, అంచుల దగ్గర నల్లబడి ఉంటాయి. వరలక్ష్మీ వ్రతం రేపనగా కూర్చుని, చేతికందిన టూత్‌పేస్టో గిన్నెలు తోమే పౌడరో పెట్టి బరబరా రుద్దేస్తాం. మెరుపు వస్తుంది. దాంతోపాటు కొంత వెండీ పోతుంది.

వెండి చాలా మెత్తటి లోహం. కాఠిన్యం కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10 అయితే వెండి 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది. పైగా ఆ నలుపు ఎక్కడినుంచో వచ్చి అంటుకున్న మట్టి కాదు, పైపొరలో ఉన్న వెండే అలా మారిపోయింది. దాన్ని గీకి తీసిన ప్రతిసారీ అంత వెండి గుడ్డతో పాటు పోతుంది. పాతకాలం కుంకుమ భరిణెల మీద లక్ష్మీదేవి బొమ్మకి కళ్ళూ ముక్కూ అరిగి నున్నగా అయిపోవడం మీరూ చూసే ఉంటారు. ఏళ్ళ తరబడి భక్తిగా తోమిన ఫలితం అది. అందుకే నా పద్ధతిలో రుద్దడం చివర వస్తుంది. ముందు కడగాలి, తర్వాత నానబెట్టాలి, ఆ తర్వాత కూడా ఏమైనా మిగిలితేనే రుద్దాలి.

ఆ నలుపు ఏమిటి?

ఇనుముకి తుప్పు పట్టినట్టు వెండికి పట్టదు. మామూలు గాలిలోని ఆక్సిజన్ దాన్ని పెద్దగా ఏమీ చేయదు. వెండికి పడనిది గంధకం. గాలిలో చాలా కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తేమతో కలిసి వెండిని తాకితే పైన సిల్వర్ సల్ఫైడ్ అనే పొర ఏర్పడుతుంది. ఆ పొర పల్చగా ఉన్నప్పుడు లేత పసుపు. ఇంకాస్త మందమైతే గోధుమరంగు, ఒక్కోసారి నీలం, ఊదా ఛాయలు. బాగా ముదిరితే నలుపు. పసుపు దశలో ఉంటే రెండు నిమిషాల పని, నలుపు దశకి వస్తే ఓ పూట పని. కాబట్టి పండక్కి ఒకసారి అని కాకుండా మధ్యలో ఒకటి రెండుసార్లు తీసి చూసుకుంటే శ్రమ తగ్గుతుంది.

గంధకం ఎక్కడిదంటారా? మురుగు కాలువల దగ్గర గాలిలో ఉంటుంది. కోడిగుడ్డులో ఉంటుంది, అందుకే వెండి స్పూనుతో ఉడికిన గుడ్డు తింటే స్పూను నల్లబడుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ఆవాల్లో ఉంటుంది. ఉన్నిలో, రబ్బరులో ఉంటుంది. తేమ తోడైతే పని ఇంకా త్వరగా జరుగుతుంది కాబట్టి విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇక్కడ ఒక్క విషయం మాత్రం బాగా గమనించాలి. మన ఇళ్ళలో వెండి మీద కనిపించే నలుపంతా ఈ సల్ఫైడ్ కాదు. దీపపు కుంది మీద ఉండేది చాలావరకు మసి, మాడిన నూనె జిడ్డు. పట్టీల సందుల్లో ఉండేది చెమట, సబ్బు, మట్టి కలిసిన మడ్డి. భరిణె చెక్కడాల్లో ఎర్రగా, నల్లగా పేరుకునేది కుంకుమ, పసుపు, గంధం. వీటిని వదిలించడానికి పాలిష్ అక్కర్లేదు, మంచి సబ్బు నీళ్ళు చాలు. ఏది ఏదో తెలియకపోతే దూదిని గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో ముంచి వస్తువు మీద ఓ చోట మెల్లగా తుడవండి. వదిలినదంతా మసీ జిడ్డూ. ఎంత తుడిచినా కదలకుండా, లోహంలో భాగంలా కనబడేదే సల్ఫైడ్.

మొదలుపెట్టే ముందు సామాను వేరు చేయండి

అన్నీ ఒకే తొట్టిలో వేయకూడదు. ఓ పాత పంచె పరిచి సామానంతా దాని మీద పెట్టి చూడండి. ఈ పనికి పట్టే పావుగంటే మిగతా పనినంతా కాపాడుతుంది.

మొదట, అది నిజంగా వెండేనా? గృహప్రవేశాలకీ పెళ్ళిళ్ళకీ ఇచ్చే రిటర్న్ గిఫ్టుల్లో ఇప్పుడు జర్మన్ సిల్వర్ చాలా ఎక్కువ. పేరులోనే తప్ప అందులో వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరు అంటారు గానీ ఈ రెండూ అయస్కాంతానికి అంటుకోవు, కాబట్టి ఆ పరీక్షతో తేలదు. హాల్‌మార్కు చూడండి. 925 అని ఉంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది సాధారణంగా రాగి. 990, 999 అని ఉంటే దాదాపు అచ్చమైన వెండి. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్కు చేసిన వెండి వస్తువుల మీద ఆ వస్తువుని విడిగా గుర్తించే హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాల, అంకెల కోడ్ కూడా వస్తోంది. పాత వస్తువుల మీద ఇవేవీ ఉండకపోవచ్చు. అనుమానం ఉంటే నమ్మకమైన వెండి కొట్టులో చూపించడమే. జర్మన్ సిల్వర్‌ని నేను కింద చెప్పే అల్యూమినియం, వంట సోడా నీళ్ళలో వేసినా ప్రయోజనం ఉండదు. సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టడమే దానికి మంచిది.

నీళ్ళలో ముంచకూడనివి ఇంకా ఉన్నాయి. వెండి పీట పైకి వెండిలా కనిపిస్తుంది గానీ చెక్క మీద పల్చటి రేకు తాపడం చేసి మేకులు కొట్టినది. నీళ్ళు లోపలికి పోతే చెక్క ఉబ్బి రేకు లేచిపోతుంది. బోలుగా ఉండే విగ్రహాల్లో, కొన్ని నగల్లో లోపల లక్క నింపుతారు. వేడి నీళ్ళు తగిలితే లక్క మెత్తబడి బయటికి కారుతుంది. ముత్యం, పగడం ఉన్నవి వేడికీ, సోడాకీ, పులుపుకీ దేనికీ తట్టుకోవు. రాళ్ళు జిగురుతో అతికించినవి, మీనా పని (రంగుల గాజు పూత) చేసినవి కూడా పక్కన పెట్టండి. బంగారు పూత వేసిన వాటిని ఎంత తక్కువ తాకితే అంత మేలు, ఆ పూత మైక్రాన్ల మందమే.

ఇక ‘ఆక్సిడైజ్డ్’ నగలు. చెక్కడం లోతుగా కనబడాలని కంసాలి కావాలనే ఆ సందుల్ని నల్లగా చేస్తాడు. టెంపుల్ జువెలరీ తరహా వెండి నగల్లో ఇది మామూలు. దాన్ని సోడా నీళ్ళలో వేస్తే అందం మొత్తం కడిగేసినట్టే. ఉబ్బెత్తుగా ఉన్న చోట్లు మాత్రం పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

హైదరాబాదు ఇళ్ళలో బిద్రీ వస్తువులు ఉంటాయి. బిద్రీలో నలుపే అసలు. జింకు ఎక్కువ, రాగి తక్కువ ఉండే మిశ్రమంతో వస్తువు పోత పోసి, అందులో వెండి తీగ, రేకు పొదిగి, బీదరు కోట మట్టిలో నవసాగరం కలిపిన ద్రావణంతో ఆ లోహాన్ని మాత్రమే నల్లబరుస్తారు. వెండి తెల్లగా మిగిలిపోతుంది. అలాంటి వస్తువుని ఏ రసాయనంలోనూ ముంచకండి. మెత్తటి పొడి గుడ్డ, మరీ వెలిసిపోయినట్టు ఉంటే గుడ్డకి ఒక్క చుక్క కొబ్బరి నూనె, అంతే.

విక్టోరియా రాణి, జార్జి రాజు బొమ్మ ఉన్న పాత వెండి రూపాయలు లక్ష్మీపూజలో పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. నాణేలు సేకరించేవాళ్ళు వాటి మీద ఏళ్ళుగా సహజంగా ఏర్పడిన ఆ రంగుకే విలువ ఇస్తారు. తోమిన నాణేనికి ధర తగ్గుతుంది. పూజకి కావాలంటే సబ్బు నీళ్ళలో ఒకసారి కడిగి తుడుచుకోండి, పాలిష్ వద్దు.

మొదటి పని: జిడ్డు తీయడం

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసి కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. టబ్బు అడుగున పాత టవలు ఒకటి వేయండి. చేయి జారి వస్తువు పడినా నొక్కు పడదు. ఒక్కొక్క వస్తువే కడగండి, అన్నీ కలిపి వేస్తే ఒకదానికొకటి తగిలి గీతలు పడతాయి.

సబ్బుకి బదులు కుంకుడుకాయ రసం వాడతామంటే ఇంకా మంచిది. అయిదారు కాయలు గింజలు తీసి వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి, పిసికి, నురుగు వచ్చాక పల్చటి గుడ్డలో వడకట్టండి. వడకట్టడం మర్చిపోవద్దు, పెంకు ముక్కలు గీతలు పెడతాయి. కుంకుడు రసం జిడ్డుని చక్కగా లాగేస్తుంది. సల్ఫైడ్ నలుపుని మాత్రం అది తీయలేదు, అందుకే ముదిరిన వెండికి కుంకుడుకాయతో తోమి ‘పోవట్లేదు’ అని ఇంకా గట్టిగా రుద్దకూడదు.

కుందులకి కొంచెం ఓపిక కావాలి. వత్తి పెట్టే చోట మాడి గట్టిపడిన నూనె ఉంటుంది. దాన్ని కత్తితోనో స్టీలు పీచుతోనో గీకొద్దు. ముందురోజు రాత్రే ఆ మడ్డి మీద కాస్త కొబ్బరి నూనె పూసి వదిలేయండి. పాత జిడ్డుని కొత్త నూనె మెత్తబరుస్తుంది. పొద్దున వేడి సబ్బు నీళ్ళలో ఓ గంట నానబెట్టి, వెదురు పుల్ల చివర దూది చుట్టి మెల్లగా తోయండి. పొరలు పొరలుగా లేచి వస్తుంది. ఇంకా మొండికేస్తే దూదికి కాస్త సర్జికల్ స్పిరిట్ తడిపి తుడవండి. అది త్వరగా అంటుకునేది కాబట్టి పొయ్యికీ వెలిగే దీపానికీ దూరంగా ఉండాలి.

గంధం, పసుపు ఎండిపోయిన భరిణెల్ని అరగంట నీళ్ళలో ఉంచితే అవి వాటంతట అవే నానిపోతాయి. తర్వాత మెత్తటి కుచ్చు ఉన్న పిల్లల టూత్‌బ్రష్‌తో చెక్కడం వెంట నడపండి. పెద్దవాళ్ళ ‘మీడియం’, ‘హార్డ్’ బ్రష్‌లు వద్దు. కొబ్బరి పీచు, ఆకుపచ్చ స్క్రబ్బరు, ఇటుక పొడి, ఇసుక లాంటివి వెండి దగ్గరికి రానివ్వొద్దు.

ఈ కడుగుడుతోనే సగం సామాను బాగుపడిపోవడం మీరే చూస్తారు. లేత పసుపు తప్ప ఇంకేం లేని వస్తువులకి ఇక్కడితో ఆపి, తుడిచి, చివర చెప్పే గుడ్డ పాలిష్‌కి వెళ్ళిపోవచ్చు.

రెండో పని: అల్యూమినియం, వంట సోడా నీళ్ళు

రాళ్ళు, లక్క, చెక్క, కావాలని పెట్టిన నలుపు ఏవీ లేని గట్టి వెండి వస్తువులకి ఇంట్లో చేసుకోగలిగిన పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. కారణం ఒక్కటే, ఇందులో వెండి పోదు. సోడా, ఉప్పు కలిసిన వేడి నీళ్ళలో వెండి, అల్యూమినియం ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే చిన్న బ్యాటరీలాగా పనిచేస్తాయి. వెండిని పట్టుకుని ఉన్న గంధకం దాన్ని వదిలేస్తుంది, మారిపోయిన వెండి మళ్ళీ వెండిగా వస్తువు మీదే నిలుస్తుంది. అరిగేది అల్యూమినియం.

కావలసినవి: అన్నం, రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్, వంట సోడా, ఉప్పు, మరిగే నీళ్ళు, స్టీలు లేదా గాజు గిన్నె. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పులుపు పదార్థం కూడా కలిపి ఉంటుంది, అది కాదు. ఫాయిల్ దొరక్కపోతే వాడకం మానేసిన పాత సత్తు గిన్నె ఉన్నా పనికొస్తుంది. గిన్నే అల్యూమినియం కాబట్టి వేరే ఫాయిల్ అక్కర్లేదు. కాకపోతే ఆ తర్వాత దాన్ని వంటకి వాడొద్దు.

1. గిన్నె అడుగునా పక్కలకీ ఫాయిల్ పరచండి. మెరిసే వైపు పైకా కిందకా అన్న టెన్షన్ వద్దు, రెండూ ఒకటే.

2. కడిగిన వెండి వస్తువుల్ని ఫాయిల్‌కి ఆనుకునేలా పెట్టండి. తాకకపోతే పని సరిగ్గా జరగదు. పొడవాటి చెంబు లాంటి వాటికి ఫాయిల్ ముక్కనే నడుముకి వదులుగా చుట్టేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు.

3. లీటరు నీళ్ళకి రెండు టేబుల్ స్పూన్ల వంట సోడా, ఒక టీ స్పూను ఉప్పు చొప్పున గిన్నెలో చల్లండి.

4. మరిగిన నీళ్ళు మెల్లగా, పక్క నుంచి పోయండి. బుసబుసా నురుగు వస్తుంది, చేతికి తగలకుండా చూసుకోండి. వస్తువు పూర్తిగా మునగాలి.

5. వంటింటి కిటికీ తెరిచి ఉంచండి. కుళ్ళిన గుడ్డు వాసన కొద్దిగా వస్తే కంగారు పడొద్దు. వెండిని వదిలిన గంధకం బయటికి పోతోందనడానికి అదే గుర్తు.

6. పసుపు తిరిగినవి ఒకటి రెండు నిమిషాల్లో తెల్లబడతాయి. నల్లబడినవాటికి అయిదు నుంచి పది నిమిషాలు. మధ్యలో చెక్క గరిటెతో తిప్పితే ఫాయిల్‌కి తగలని వైపు కూడా అవుతుంది.

దగ్గరగా చూస్తే ఈ మార్పు బాగా తెలుస్తుంది. ఫాయిల్‌కి ఆనుకున్న చోట ముందు తెల్లటి మచ్చ పుడుతుంది, అది మెల్లగా అంచుల దాకా పాకుతుంది. పైన ఊదా రంగు పొర ముందు గోధుమరంగుకి, ఆ తర్వాత పసుపుకి వెనక్కి నడిచి మాయమవుతుంది. వస్తువు కింద ఉన్న ఫాయిల్ మసకబారి, నల్లబడి ఉంటుంది. నీళ్ళు చల్లారితే పని ఆగిపోతుంది. నలుపు ఇంకా మిగిలి ఉంటే అవే నీళ్ళలో గంటలకొద్దీ వదిలేయకుండా కొత్త ఫాయిల్, కొత్త సోడా, మళ్ళీ మరిగిన నీళ్ళతో ఇంకోసారి చేయండి.

తీసిన వెంటనే వస్తువు అద్దంలా మెరవదు, తెల్లగా పాలిపోయినట్టు ఉంటుంది. మొదటిసారి చేసినవాళ్ళు పాడైపోయిందనుకుంటారు. పాడవలేదు. గుడ్డతో తుడిస్తే మెరుపు తేలుతుంది. ధారగా నీళ్ళ కింద బాగా కడగడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఉప్పు మిగిలితే అదే వెండిని తినేస్తుంది.

కరీంనగర్ వెండి తీగ పని వస్తువులు మీ దగ్గర ఉంటే వాటి గురించి విడిగా ఒక మాట. వెంట్రుకంత సన్నటి మెలితిప్పిన తీగల్ని అల్లి అతికించే ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. బ్రష్‌తో రుద్దితే తీగ చిక్కుకుని లేచిపోతుంది. రాళ్ళూ మీనా లేని తీగ పనికి ఈ సోడా నీళ్ళే అన్నిటికన్నా మంచిది, చేయి తగలకుండా సందుల్లోకి వెళ్ళి పని చేస్తుంది. కడిగాక గుడ్డతో తుడవకుండా ఫ్యాను కింద పెట్టి గాలికి ఆరనివ్వండి.

ముంచలేని వాటికి, మిగిలిపోయిన మరకలకి: సుద్ద ముద్ద

మ్యూజియంలలో వెండి వస్తువుల్ని చూసుకునేవాళ్ళు ఎక్కువగా నమ్మేది మెత్తటి కాల్షియం కార్బొనేట్ పొడిని, అంటే సుద్ద పొడిని. లాబ్ కెమికల్స్ అమ్మే కొట్టులో ‘ప్రెసిపిటేటెడ్’ రకం అడిగితే ఇస్తారు. దాన్ని నీళ్ళతో పల్చటి పెరుగులా కలిపి, తడి దూదితో అద్ది, మెల్లగా తుడవాలి. దూది నల్లబడిన వెంటనే మార్చేయాలి. నల్లబడిన దూదితోనే రుద్దుతూ పోతే తీసిన నలుపునే మళ్ళీ పూసినట్టు అవుతుంది.

మన ఇళ్ళలో దీనికి బదులు విబూది వాడతారు. మంచి అలవాటే, కాకపోతే ఆ విబూది ఎంత మెత్తగా ఉందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. చిటికెడు తీసుకుని రెండు వేళ్ళ మధ్య నలపండి. గరుకు తగిలితే వాడొద్దు. పల్చటి నూలు గుడ్డలో వస్త్రగాళితం పట్టి, కింద రాలిన పొడినే తీసుకోండి. సువాసన, రంగు కలిపినవి వద్దు. బడి సుద్దముక్కలు కొట్టి వాడటం కూడా వద్దంటాను, వాటిలో గట్టి రేణువులు ఉండొచ్చు.

తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా తిన్నగా, ముందుకీ వెనక్కీ తుడవండి. గుండ్రటి గీతలు వెలుతురులో ఎటు తిప్పినా కనిపిస్తాయి. హాల్‌మార్కు మీద, పేరు చెక్కించిన చోట, దేవతల ముఖాల మీద ఆగి, అసలు రుద్దకుండా తడి దూది ఒక్కసారి అద్ది తీసేయండి. చెక్కడాల లోతుల్లో కాస్త నలుపు మిగిలితే మిగలనివ్వండి. ఆ నీడ వల్లే బొమ్మ బొమ్మలా కనిపిస్తుంది. పీటకి ఈ ముద్దే వాడి, నీళ్ళు పోయకుండా తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. ముద్ద సందుల్లో ఎండిపోతే తెల్లటి గీతలుగా మిగులుతుంది, అది తడి ఉండగానే తీసేయాలి.

ఆరబెట్టడం, మెరుగు పెట్టడం

మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. తడి మీద వదిలేస్తే తెల్లటి చుక్కలు పడతాయి. కడిగిన వెంటనే పాత నూలు పంచె ముక్కతోనో బనియను గుడ్డతోనో తుడవండి. చెంబు మెడ లోపల, కుంది మరల దగ్గర, పట్టీల మువ్వల్లో నీళ్ళు దాక్కుంటాయి. మరలున్నవి విప్పి ఆరబెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి ఊదితే మువ్వల్లో తడి పోతుంది.

పూర్తిగా ఆరాక రెండో పొడి గుడ్డ తీసుకుని మెల్లగా తుడవండి. ఇక్కడే అసలు మెరుపు వచ్చేది. బజార్లో దొరికే సిల్వర్ పాలిషింగ్ క్లాత్ కూడా వాడొచ్చు. దాని లోపలి వైపు మెత్తటి మెరుగు పదార్థం ఉంటుంది. ఎంత నల్లబడినా దాన్ని ఉతకొద్దు, ఉతికితే ఆ పదార్థం పోతుంది. పూత పెట్టిన నగలకి ఈ గుడ్డ వద్దు.

ఒంటి మీద ఉండేవి, పిల్లలవి

పట్టీలు, మెట్టెలు, మొలతాడు రోజూ ఒంటి మీదే ఉంటాయి కాబట్టి వాటికి సల్ఫైడ్‌తో పాటు జిడ్డు ఎక్కువ. వారానికోసారి కుంకుడు రసంలోనో సబ్బు నీళ్ళలోనో పావుగంట నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో గొలుసు సందులు కడిగితే చాలాకాలం వేరే ఏమీ అక్కర్లేదు. బాత్రూము కడిగేటప్పుడు పట్టీలు, మెట్టెల మీద బ్లీచింగ్ నీళ్ళు పడకుండా చూసుకోండి. క్లోరిన్ తగిలితే వచ్చే మచ్చ ఈ సోడా పద్ధతులకి అంత తేలిగ్గా లొంగదు. గంధకం ఉన్న చర్మపు మందులు రాసుకునేవాళ్ళ నగలు రాత్రికి రాత్రే నల్లబడతాయి. దాన్ని చూసి వెండి నకిలీదనుకోవద్దు.

ఉగ్గు గిన్నె, పాల గ్లాసు, వెండి కంచం లాంటి తినే పాత్రలకి సబ్బు, కుంకుడు, సోడా నీళ్ళు, ఈ మూడే. పాలిష్ ద్రవాలు వద్దు. ఈ పాత్రల్లో పులిహోర, ఆవకాయ, మజ్జిగ లాంటి ఉప్పూ పులుపూ ఉన్నవి పెట్టి అలాగే వదిలేయకండి, తినగానే కడిగేయండి. ఉప్పు తగిలి ఉన్న చోట గుంటలు పడతాయి. ఆ గుంటలు ఏ పాలిష్‌తోనూ పోవు.

ఇవి వద్దని ఎందుకంటానంటే

టూత్‌పేస్టు పళ్ళ మీద ఉండే ఎనామెల్ కోసం తయారైంది, ఎనామెల్ వెండికన్నా చాలా గట్టిది. అందులోని సిలికా రేణువులు వెండి మీద వెంట్రుకవాసి గీతలు పెడతాయి. మొదట మెరిసినట్టే ఉంటుంది, క్రమంగా అద్దం లాంటి మెరుపు పోయి మసకగా మారుతుంది. నోరు కడుక్కునే వస్తువే కదా అని అందరూ ధైర్యంగా వాడేస్తారు, అందుకే ముందుగా దీన్నే చెబుతున్నాను.

చింతపండు, నిమ్మకాయ ఇత్తడికీ రాగికీ గొప్పగా పనిచేస్తాయి, ఎందుకంటే వాటి మీద పట్టే ఆక్సైడ్‌ని పులుపు కరిగిస్తుంది. సిల్వర్ సల్ఫైడ్‌ని ఈ పులుపులు కరిగించలేవు. రాగి ఎక్కువ కలిసిన వెండి మీద కొంచెం మార్పు కనిపిస్తుంది తప్ప నలుపు అలాగే ఉంటుంది. రాగి, ఇత్తడి కోసం అమ్మే పీతాంబరి తరహా పౌడర్లని వాటికే ఉంచండి.

సీసాలో ముంచి తీసే ‘సిల్వర్ డిప్’ ద్రవాల్లో సాధారణంగా థయోయూరియా, ఆమ్లం ఉంటాయి. క్షణాల్లో నలుపు పోతుంది నిజమే. కానీ ఎక్కువసేపు ఉంచితే వెండి పైభాగం గుల్లబారి, ఆ తర్వాత మరింత త్వరగా నల్లబడుతుంది. థయోయూరియా ఒంటికి మంచిది కాదు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. నేనైతే ఇంట్లో వాడను.

వీధిలోకి వచ్చి ‘నగలకి పాలిష్ పెడతాం’ అనేవాళ్ళకి వెండైనా బంగారమైనా ఇవ్వకండి. ఆమ్లంలో ముంచి మీ ఎదుటే మీ లోహాన్ని కరిగించుకుని పోవచ్చు. కొట్టులో పాలిష్ చేయించాల్సి వస్తే ముందు మీ కళ్ళ ముందు తూకం వేయించి చీటీ మీద రాయించుకోండి, తీసుకునేటప్పుడు మళ్ళీ తూకం వేయించండి. బఫింగ్ మిషను మీద పెడితే కొంత తగ్గడం సహజం, ఎంత తగ్గిందో మాత్రం మీకు తెలియాలి. నొక్కులు పడినవి, అతుకు ఊడినవి, లక్క నింపిన విగ్రహాలు, పూత పోయినవి ఎలాగూ పనివాడి దగ్గరికే వెళ్ళాలి.

మళ్ళీ నల్లబడకుండా దాచుకోవడం

తడి లేకుండా చూసుకోవడం, గాలి తగలకుండా చూసుకోవడం, గంధకం ఉన్నవి పక్కన పెట్టకపోవడం. దాచడంలో కిటుకంతా ఇంతే. బాగా ఉతికి గంజి లేకుండా ఆరేసిన తెల్లటి నూలు గుడ్డలో ఒక్కొక్క వస్తువునీ విడిగా చుట్టి, జిప్ ఉన్న పాలిథిన్ కవరులో పెట్టి, గాలి బయటికి నొక్కేసి మూయండి. న్యూస్‌పేపర్లో చుట్టొద్దు. కవరుకి రబ్బరు బ్యాండు వేయొద్దు. కవరు బయట వేసినా రబ్బరు గీత వెండి మీద నల్లగా అచ్చు పడుతుంది. ఉన్ని శాలువాలు, స్వెట్టర్లు ఉన్న అరలో వెండి పెట్టొద్దు.

డబ్బాలో ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలు వేస్తే తేమ లాగుతాయి. మందుల డబ్బాలతో, కొత్త బూట్లతో వచ్చేవి దాచుకుంటే చాలు, చిన్నపిల్లలకి అందకుండా. యాంటీ టార్నిష్ స్ట్రిప్పులు నగల సామాను అమ్మే చోట దొరుకుతాయి, అవి గాలిలోని గంధకాన్ని ముందే పట్టేస్తాయి. వాటికి కాలపరిమితి ఉంటుంది కాబట్టి ప్యాకెట్టు మీద చూసి మార్చండి. బ్యాంకు లాకరులో పెట్టేవాళ్ళకి ఈ స్ట్రిప్పులు మరీ అవసరం, ఎందుకంటే ఏడాదికి ఒకసారి కూడా తీసి చూడరు.

రోజూ పూజలో వాడే వెండి, దాచిన వెండికన్నా తక్కువ నల్లబడుతుంది. కడగడం, తుడవడం ఎప్పటికప్పుడు జరుగుతుంది కాబట్టి పొర ముదరదు. వాడగలిగిన వాటిని వాడుకోండి.

చివరిగా, డబ్బాలో ఒక చీటీ పెట్టండి. ఏవి జర్మన్ సిల్వర్, దేనిలో లక్క ఉంది, వేటిని నీళ్ళలో ముంచకూడదు, స్ట్రిప్పు ఎప్పుడు మార్చారు అని రాసి ఉంటే వచ్చే శ్రావణంలో ఆ డబ్బా మీ కోడలు తెరిచినా, పని మనిషి చేతికి వెళ్ళినా వెండికి ఏ ఇబ్బందీ ఉండదు.